లాల్‌బీ అతికిన ఆరు బద్దలు

ఆత్మకూరులో లాల్‌బీ సరేసు కాచే రోజున ఆమె గడప తొక్కాలంటే మగవాళ్లకు కూడా జంకే. ఎంతటివాడినైనా అరుగు దగ్గరే ఆపేసేది. "ఆగుండ్రి. ముందుగాల చేతులు కడగండ్రి" అని తొట్టి పక్కనున్న బూడిద కుప్ప చూపించేది. ఒకసారి తోమితే చాలదు, మూడుసార్లు తోమాలి. తలకు నూనె పెట్టుకొచ్చిన వాళ్లయితే నెత్తికి బట్ట చుట్టుకోవాలి. అప్పుడే పల్లీలు తిని వచ్చిన వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్లను వీధిలోంచే పంపించేసేది.

ఆ రోజు ఆమె తలకూ నూనె ఉండేది కాదు. పక్కింటి నర్సమ్మ ఊరుకుంటుందా? "ఏం లాల్‌బీ, ఎవరితోనన్న కొట్లాడి వచ్చినవా ఏంది, జుట్టు గట్ల రేగింది?" అని గోడ మీది నుంచి ఎగతాళి చేసేది. "నీ నూనె జడ చూస్తే నా సరేసు పారిపోతది నర్సమ్మా, జర అవతలికి జరుగు" అని లాల్‌బీ అంతకు రెండింతలు అంటించేది. నోట్లో మాట నిలవని మనిషి. చేతిలో పని కూడా అంతే, పట్టుకుందంటే అయ్యేదాకా వదలదు.

సరేసంటే మరేం కాదు, తోళ్లు ఉడికించి తీసిన బంక. ఎండిన బిళ్లలుగా దొరుకుతుంది. నీళ్లలో నానేసి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నసెగ మీద కరిగిస్తే పాకంలా అవుతుంది. దానితో లాల్‌బీ గాలపు కర్రలు అతికేది. చేపలు పట్టేందుకు అతుకులెందుకు, ఒక బొంగు నరికి దారం కడితే చాలదా అంటారేమో. చెరువులో చిన్న చేపకైతే చాలు. కృష్ణలో మనిషంత వాలుగ గాలానికి తగిలిందనుకోండి, లోపల డొల్లగా ఉండే బొంగు ఫటేలుమని విరిగిపోతుంది. అందుకని ముదురు బొంగును సన్నగా చీల్చి, మూడు పలకల బద్దలు తీసి, గట్టి తొక్క పైకి వచ్చేటట్టు ఆరింటిని కలిపి అతుకుతారు. అప్పుడది డొల్ల లేని నిండు కర్ర అవుతుంది. ఎంత వంచినా మళ్లీ నిటారుగా లేస్తుంది. అయితే ఒక్కటే షరతు, ఆరు అతుకుల్లో ఒక్కటి కూడా తెరుచుకోకూడదు.

ఈ విద్య ఆమెకు అత్తగారింట్లో అబ్బింది కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నాగర్‌కర్నూలులో ఆమె తండ్రి పుస్తకాలకు జిల్దులు, అంటే తోలు అట్టలు, కట్టేవాడు. ఎనిమిదేళ్ల వయసులో లాల్‌బీ ఒక పాత కితాబుకు ఊడిన తోలు అట్టను తానే అతికి, తండ్రికి చూపించి మురిసిపోయింది. తెల్లారేసరికి అట్ట మళ్లీ ఊడి కిందపడి ఉంది. సరేసు మంచిది కాదని ఏడ్చింది. తండ్రి ఆ తోలును ఆమె ముక్కు దగ్గర పెట్టి, "బిడ్డా, సరేసు తప్పేం లేదు. ఇది ఎంతమంది చేతుల్ల నలిగిందో చూడు. నువ్వు తోలుకు అతకలే, తోలు మీది జిడ్డుకు అతికినవ్. జిడ్డు లేచిపోయింది, దాంతోని నీ అతుకు పోయింది" అన్నాడు. ఆ మాట ఆమె బుర్రలో అట్లాగే నాటుకుపోయింది.

పెళ్లయి ఆత్మకూరు వచ్చాక కొన్నేళ్లు ఆ విద్యతో పనిపడలేదు. భర్త ఆజం హుక్కా గొట్టాలు చేసేవాడు. వెదురు చీల్చడంలో అతని చేతికి ఆ చుట్టుపక్కల సాటి లేదు. ఒకనాడు వనపర్తి దవాఖాన కంపౌండరు ప్రభుదాసు విరిగిన శీమ గాలపు కర్ర ఒకటి పట్టుకొచ్చాడు. ప్రభుదాసుకు చేపల పిచ్చి. ఆదివారం ప్రార్థన ముగిసిందంటే చాలు, సైకిలెక్కి కృష్ణ ఒడ్డున తేలేవాడు. ఎవరో దొర వదిలేసి పోయిన కర్ర అది. "ఆజం సాబ్, దీన్ని ఎట్లనన్న బాగుచెయ్యి" అని బతిమిలాడాడు. ఆజం దాన్ని వేడినీళ్లలో నానేసి విడదీస్తే లోపల ఆరు బద్దలు బయటపడ్డాయి. నాలుగు దినాలు వాటిని ముందేసుకుని కూర్చున్నాడు. ఐదోనాడు కొయ్యను నునుపుచేసే రంద అందుకుని తానే ఆరు బద్దలు తీశాడు.

బద్దలు తీయడం వచ్చింది గాని అతకడం రాలేదు. మొదటి రెండు కర్రలూ వారం తిరక్కుండానే విచ్చుకున్నాయి. ఆజం విసుక్కుని సరేసు గిన్నె తీసి బయట పెట్టబోతుంటే లాల్‌బీ అడ్డం పడింది. "నువ్వు చీల్చుడు నీది, అతుకుడు నాది. నా దిక్కు రాకు" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో పని రెండుగా పంచుకున్నారు, పదేళ్లలో ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టింది లేదు.

ఆమె పద్ధతి చూసేవాళ్లకు చాదస్తమనిపించేది. రంద పట్టిన బద్దను ఆ పూటే అతకాలి, రేపటికి ఉంచితే గాలికే మసకబారుతుంది అనేది. అతుక్కునే ముఖాన్ని గాజు పెంకుతో సన్నగా గోకేది, నున్నగా మెరిసే ముఖం సరేసును తాగదని ఆమె లెక్క. తర్వాత బూడిద తేట నీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, నిప్పుల మీద ఆరబెట్టేది. చివరన ఒక్క నీటి బొట్టు వేలి కొసతో ఆ ముఖం మీద పెట్టేది. బొట్టు పరుచుకుని ఇంకితే బద్ద శుభ్రంగా ఉన్నట్టు. ముత్యంలా నిలబడిందా, ఎక్కడో జిడ్డు ఉన్నట్టే, మళ్లీ మొదటికి. ఆ తర్వాత ఆ ముఖానికి వేలు తగలనిచ్చేది కాదు. బద్దను వెచ్చజేసి, సరేసు పూసి, ఆరింటినీ కలిపి, గద్వాల మగ్గాల దగ్గర మిగిలిన పట్టుదారంతో బిగించి చుట్టేది. అతుకు ఎండేదాకా వారం రోజులు ఆ కర్ర జోలికి ఆమె పోదు, ఇంకొకరిని పోనివ్వదు.

దొరల దేశంలో యుద్ధం మొదలై శీమ కర్రలు రావడం ఆగిపోయాక వీళ్ల కర్రకు పేరొచ్చింది. గద్వాల స్టేషన్ మనుషులు, వనపర్తి వకీళ్లు, చేపల పిచ్చి ఉన్న ప్రతివాడూ ఆత్మకూరు దారి పట్టాడు. లాల్‌బీ ఏ కర్రనైనా చేతికిచ్చేటప్పుడు ఒక్కటే మాట అనేది: "బొంగు ఇరిగితే దేవుని తప్పు. అతుకు ఇడిస్తే నా తప్పు. అప్పుడు నా ఇంటికి రా." పదేళ్లలో ఎవరూ రాలేదు. ఆమెకు కాస్త గర్వం కూడా ఎక్కింది. ఎందుకెక్కదు మరి!

యుద్ధం మొదలైన నాలుగో ఏడు పుష్యమాసంలో ఆజం ఒక పొద్దున వెదురు చీలుస్తూ చీలుస్తూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దగా వచ్చేది, అది కూడా లాల్‌బీకే అర్థమయ్యేది. అంతకు వారం ముందే అమ్రాబాద్ కొండల చెంచు మనిషి ఈదన్న ఎప్పటిలాగే అచ్చంపేట దాకా మోసి, అక్కణ్నుంచి బండి మీద, ఏడాది ఎండబెట్టి సగాలుగా చీల్చిన బొంగులు పంపించి ఉన్నాడు. మూడు కర్రలకు మాట ఇచ్చేసి ఉన్నారు. లాల్‌బీ భర్తకు కాపడాలు పెడుతూ, మందులు పోస్తూ, ఆ సందులోనే తానే రంద పట్టి మూడు కర్రలూ పూర్తి చేసింది. బాగా కుదిరాయి. చలికాలంలో వాటిని తీసుకుపోయిన వాళ్లంతా మెచ్చుకున్నారు.

వైశాఖంలో ప్రభుదాసు వచ్చాడు. నడినెత్తిన ఎండ, ఒళ్లంతా చెమట, సైకిలుకు అడ్డంగా చలికాలంలో తీసుకుపోయిన కర్ర. దాన్ని తెచ్చి అరుగు మీద లాల్‌బీ ముందు పెట్టాడు. కర్ర మధ్యలో ఆరు బద్దలూ అరటి తొక్కలా విచ్చుకుని ఉన్నాయి.

"అమ్మా, వాలుగ తగిలింది. నా జన్మల అంత పెద్దది చూడలే. ఒడ్డుకు గుంజుతుంటే చేతులనే తెరుసుకున్నది" అన్నాడు ప్రభుదాసు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు, దిగులుగా చెప్పాడు.

సరిగ్గా ఆ రోజే ఆజం అన్న హైదర్ రాయచూరు నుంచి తమ్ముణ్ని చూడడానికి వచ్చి ఉన్నాడు. తోళ్ల వ్యాపారం చేసే మనిషి, చెడ్డవాడు కాదు గాని తన మాటే చెల్లాలనే రకం. ఇల్లు, పనిపాక తండ్రి పేరు మీద ఉన్నాయి, పెద్దకొడుకుగా తాళం అతనిదే. విచ్చుకున్న కర్రను తిప్పి తిప్పి చూశాడు.

"సాకు, లాల్‌బీ. సాకు" అన్నాడు. రాయచూరులో ఉండి ఉండి అతని నోట కన్నడం దొర్లుతుంది, చాలు అని దాని అర్థం. "చెయ్యి పోయినోడు వాడు. నువ్వు ఆడదానివి, ఒక్కదానివి ఎన్నని చేస్తవ్? మా అబ్బా పేరు మీద నడిచిన పాక ఇది. ఇట్ల నలుగురు నవ్వేదాక ఎందుకు? పాకకు తాళమేసి ఇద్దరినీ రాయచూరు తీస్కపోత. ఆడ ఇంట్ల కూసొని బీడీలు చుట్టుకుందువు, వానికి దవాఖాన గూడ దగ్గర."

మంచం మీద ఆజం ఏదో అనబోయాడు, మాట రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. లాల్‌బీ వాటిని చూసింది. ఆ పాక మూతపడితే ఆజం రాయచూరు చేరకముందే పోతాడని ఆమెకు తెలుసు. పొద్దంతా ఆ రంద చప్పుడు వింటూనే అతను ఊపిరి పట్టుకుని ఉన్నాడు. తనకు మాత్రం వేరే ఏముంది? ఆ సరేసు గిన్నె లేకుండా ఆమె ఒక్కనాడు బతికింది లేదు.

"రెండు జుమ్మాలు ఇయ్యండ్రి భాయిసాబ్" అని రెండు శుక్రవారాల గడువు అడిగింది. "రెండో జుమ్మా నాడు ఒక కట్టె మీ ముందల పెడత. ఎట్ల చూస్తరో అట్ల చూడండ్రి. అతుకు ఇడిస్తే తాళం నేనే ఏసి మీ ఎంట వస్త."

హైదర్ సరేనన్నాడు.

వాళ్లు పోయాక ఆమె ఏడవలేదు. నడుము బిగించి కూర్చుంది. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా ఇంకో కర్ర చెయ్యడం దండగ. విచ్చుకున్న బద్దలను ఒక్కొక్కటే చూసింది. సరేసు పొర ఒక బద్ద మీద అద్దం ముక్కలా నున్నగా లేచి ఉంది, ఎదుటి బద్ద మీద దాని మరకైనా లేదు. అంటే సరేసు గట్టిదే, వెదురే పట్టు ఇవ్వలేదు. నీటి బొట్టు పెట్టింది. ముత్యంలా నిలబడింది! ఎందుకు నిలబడింది? కొత్తగా గోకి మళ్లీ పెట్టింది, మళ్లీ నిలబడింది. ఎంత లోతు గోకినా అదే తీరు. లాల్‌బీకి పిచ్చెక్కినంత పనయింది. చివరికి బద్దను తీసుకుపోయి నిప్పుల మీద కాచింది. కాస్త వేడెక్కగానే పొడి వెదురు ఒళ్లంతా చెమట పట్టినట్టు తడిసింది, గుప్పున ఇప్పనూనె వాసన కొట్టింది.

పుష్యమాసపు చలికి ఇప్పనూనె నెయ్యిలా పేరుకుని వెదురు లోపలే దాక్కుంది. కంటికి కనబడలేదు, చేతికి తగలలేదు. వైశాఖపు ఎండ కర్ర మీద పడగానే కరిగి అతుకు కిందికి వచ్చింది. ఇక సరేసు ఏం చేస్తుంది పాపం!

నూనె ఎట్లా వచ్చిందో ఈదన్న వచ్చి చెప్పాడు. ఆజం సంగతి తెలిసి, తేనె పట్టుకుని, అచ్చంపేట మీదుగా మూడు రోజుల దారి నడిచి వచ్చాడు ఆ అమాయకుడు. లాల్‌బీ అడగగానే ముఖం వెలిగిపోయింది.

"అవునక్కా, నేనే రాసిన! ఈయేడు అడివిల పుచ్చు పురుగు మస్తుగున్నది. సాయెబన్న బొంగులకు పట్టొద్దని చీల్చిన కాడల్ల ఇప్పనూనె కాచి తాపిన. నా విల్లుకు నేను రాసుకున్నంత రాసిన, ఇంకో చెటాకు ఎక్కువనే రాసిన" అన్నాడు.

లాల్‌బీకి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. చెంచుల విల్లు వెదురుదే. ఏళ్లకేళ్లు పురుగు పట్టకుండా, బీటలు వారకుండా ఉండాలంటే ఇప్పనూనె తాపాల్సిందే. తన ప్రాణం నిలిపే వింటికి చేసే సేవ సాయెబన్న వెదురుకూ చేశాడు. ఇంతకన్నా ప్రేమ ఎవరు చూపిస్తారు?

"నీ విల్లుకు అతుకు లేదు ఈదన్నా. నా కట్టెకు ఆరు అతుకులున్నయి. అతుకుకు నూనె ఇషం లెక్క" అంది మెల్లగా.

ఈదన్నకు విషయం అర్థమయ్యేసరికి ముఖం నల్లబడింది. "ఎంత పని చేస్తినక్కా, సాయెబన్న ఇల్లు ముంచితి" అని తల పట్టుకున్నాడు.

"నువ్వు ముంచలే. నీ బొంగులు పదేండ్ల సంది మంచిగొస్తున్నయని ఆ మూడింటికి నేను నిప్పుల మీద కాయలే, నీటి బొట్టు పెట్టలే. కండ్లతోని చూసి సరిపెట్టుకున్న. పక్కన నా మొగడు పడిపోయుండు, పరేషాన్‌ల ఉంటి, నిజమే. అయినా తప్పు నాదే. లే, లేచి జర చాయ్ తాగు" అంది లాల్‌బీ. ఇన్నేళ్లూ గుమ్మం ముందు నిలబడి ఊరందరి చేతులు కడిగించిన మనిషి, తనకు తాను ఒక్కసారి మినహాయింపు ఇచ్చుకుంది. అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది. మిగిలిన రెండు కర్రల వాళ్లకూ కబురు పంపి, విచ్చుకోకముందే వెనక్కి తెప్పించుకుంది.

ఇప్పుడు కొత్త కర్రకు వెదురేది? ఈదన్న ఇంకో బొంగు తెస్తానన్నాడు గాని పచ్చి వెదురు ఎండడానికే ఏడాది కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ నూనె తాగినవే. ఒక్క ఆరు బద్దలు తప్ప. అవి అటక మీద బట్టలో చుట్టి ఉన్నాయి. కిందటేడు దొరికిన ఒక ముదురు బొంగును ఆజం తన కోసమని చీల్చుకున్నాడు, పని తగ్గాక, చలి పోయాక, ఎప్పుడో ఒకనాడు కృష్ణ ఒడ్డున తానే గాలం వేస్తానని. అతని చెయ్యి ఆడినప్పుడు తీసిన ఆఖరి బద్దలు అవే. అంత సమంగా తీసినవి ఆ పాకలో మరి లేవు.

లాల్‌బీ బట్ట మూట దింపి భర్త మంచం దగ్గర కూర్చుంది. "నీ బద్దలు తీస్కుంటున్న. నీవి తప్ప వేరే లేవు" అంది.

ఆజం మూట వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో దాన్ని ఆమె ఒడిలోకి తోశాడు.

ఆ పని ఆమె ఎంత నిబ్బరంగా చేసిందో చెప్పాలి. నోరు కట్టేసుకుంది. నర్సమ్మ గోడ మీది నుంచి పిలిచినా పలకలేదు. బద్దల మూడు ముఖాల్లో పై తొక్కను ముట్టకుండా, అతుక్కునే రెండింటికీ సన్నగా రంద తగిలించింది. గాజు పెంకుతో గోకింది. బూడిద తేటతో తుడిచి నిప్పుల మీద ఆరబెట్టి, వేడి మీద ఏ చెమటా రావడం లేదని మళ్లీ మళ్లీ చూసింది. ఈసారి ఒక్క బద్దకు కాదు, ఆరింటికి, ప్రతి ముఖానికి, జానెడు జానెడు దూరంలో నీటి బొట్టు పెట్టింది. అన్నీ పరుచుకున్నాయి. అప్పుడు సరేసు పూసి, చుట్టి, పాక మధ్యలో దూలానికి వేలాడదీసి బయటికొచ్చింది. ఆ వారం ఆమె బాగా తిన్నది, బాగా నిద్రపోయింది. భయం లేదా అంటే, ఉంటే పనిలో ఉండాలి గాని పని అయ్యాక ఎందుకు అనేది.

రెండో జుమ్మా నమాజు కాగానే హైదర్ వచ్చాడు. ప్రభుదాసు అంతకు ముందే వచ్చి కూర్చున్నాడు, ఆ కర్ర తనకే అని అతనికి మాట ఉంది. ఈదన్న ఇంకా ఊరికి పోలేదు, సంగతి తేలేదాకా పోనని అరుగు కింద కూర్చున్నాడు. ఆజం మంచాన్ని నలుగురూ పట్టుకుని పాక ముందుకు తెచ్చారు.

కర్ర పొద్దుటి నుంచీ ఎండలోనే ఉంది, లాల్‌బీయే పెట్టింది. హైదర్ దాన్ని అందుకుని చూశాడు. తేనె రంగులో, ఎనిమిదడుగుల పొడవున, ఎక్కడా వంకర లేదు. మొదలు ప్రభుదాసుతో పట్టించి, కొసకు ఐదు సేర్ల జొన్నల సంచి కట్టాడు. కర్ర గుండ్రంగా వంగింది. కాసేపుంచి సంచి విప్పగానే మళ్లీ నిటారుగా లేచింది. ప్రభుదాసు "శభాష్!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

హైదర్ నవ్వలేదు. "మొన్నటియి గూడ ఇంటికాడ గిట్లనే నిలబడ్డయి గద?" అన్నాడు.

"ఎండల గూడ పెట్టిన భాయిసాబ్."

"చూసిన. కాదంటలేను. కాని ఆర్నెల్లకు ఏమైతదో? పైకి ఇది మంచిగున్నది, అది మంచిగుండె. లోపలేమున్నదో నువ్వు చూసినవా, నేను చూసిన్నా?"

ప్రభుదాసుకు ఒళ్లు మండింది, "ఇంకెట్ల చూపిస్తరు సాబ్, కడుపు కోసి చూపిస్తరా?" అన్నాడు. కాని హైదర్ అడిగింది న్యాయమేనని లాల్‌బీకి తెలుసు. ఆ మూడు కర్రలను చేతికిచ్చినప్పుడు కూడా ఆమె ఇంతే ధీమాగా ఇచ్చింది. లోపలి అతుకును చూపించే దారి ఒక్కటే ఉంది, అది ఆమెకు తెలుసు. భర్త వంక చూసింది. ఆజం అప్పటికే ఆమెనే చూస్తున్నాడు, ఆమె ఏం చేయబోతున్నదో ముందే తెలిసినట్టు.

"చూపిస్త" అంది.

కర్ర తీసుకుని పాక ముందున్న రెండు గుంజల సందులో దూర్చింది. ఒక గుంజకు మొదలు ఆనించి, కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "అమ్మా! అమ్మా, ఆగు! అది నా కట్టె!" అని ప్రభుదాసు లబలబలాడాడు. హైదర్ కూడా "ఏంది లాల్‌బీ, పిచ్చా నీకు?" అని లేచాడు. ఆమె వినలేదు. కర్ర వంగింది గాని విరగలేదు. ఇంకా లాగింది, ఇంకా వంగింది. కాలు గుంజకు తన్నిపెట్టి, ఒళ్లు మొత్తం వెనక్కి వేసి, అల్లా అని గుంజింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. లాల్‌బీ వెల్లకిలా దుమ్ములో పడింది.

లేచి, కొంగు దులుపుకుని, విరిగిన ముక్క తెచ్చి హైదర్ చేతిలో పెట్టింది. "చూడండ్రి. నేను గూడ ఇంకా చూడలే. మీరే ముందుగాల చూడండ్రి" అంది.

వెదురు నారలు నారలుగా, జానెడు పొడవున చినిగి ఉంది. ఒక్కటి కూడా అతుకు దగ్గర చీలలేదు. ఒక బద్ద ఊడి వచ్చిన చోట పక్క బద్ద నారలను కూడా పీక్కుని వచ్చింది గాని అతుకు వదల్లేదు. హైదర్ అతుకులో గోరు దూర్చబోయాడు, దూరలేదు. జేబులోంచి చాకు తీసి దాని కొస పెట్టి నొక్కాడు. వెదురు గీసుకుపోయింది, అతుకు అట్లాగే ఉంది. తోళ్ల వ్యాపారి, సరేసు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాడు. చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తాళంచెవి నీ కాడనే పెట్టుకో" అన్నాడు చివరికి. బొడ్డులోంచి తీసి ఆమె చేతికే ఇచ్చాడు. "నేనే తప్పుగ అనుకున్న, బిడ్డా."

ఈదన్న గట్టిగా నవ్వేశాడు. ప్రభుదాసు కర్ర పోయినందుకు ఏడవాలో, పాక నిలిచినందుకు సంతోషపడాలో తేల్చుకోలేక, "మరి నాకు కట్టె?" అన్నాడు. "బొంగు ఎండాలె కంపౌండరు సాబ్, వచ్చే యేడు రాండ్రి" అని లాల్‌బీ అప్పుడే పాత లాల్‌బీలా అంటించింది.

మంచం మీది నుంచి ఆజం ఎడమ చెయ్యి చాపాడు. విరిగిన ముక్క తనకిమ్మని. హైదర్ ఇవ్వడానికి వెనకాడాడు, అది తమ్ముడి చేత్తో తీసిన ఆఖరి వెదురని లాల్‌బీ అంతకుముందే చెప్పింది మరి. లాల్‌బీయే తెచ్చి ఇచ్చింది. ఆజం కళ్లు మూసుకుని ముక్కను బొటనవేలితో తడిమాడు. ఒక పలక, ఇంకో పలక, తిప్పి తిప్పి ఆరింటినీ తడిమాడు. ముప్పై ఏళ్లు వెదురులో వెంట్రుకంత తేడాను కూడా పట్టిన వేలది, ఎడమదైతేనేం.

"లాల్‌బీ" అన్నాడు. మాట ముద్దగానే వచ్చింది, ఆ రోజు మాత్రం అందరికీ అర్థమైంది. "అతుకు... ఏడున్నది?"

ఆమె మంచం పక్కన కూర్చుని, అతని వేలు పట్టుకుని అతుకు మీద పెట్టింది. "గిదే. గీడ."

ఆజం మళ్లీ తడిమాడు. నొసలు ముడిపడ్డాయి. హాస్యమాడడం లేదు, నిజంగానే వెతుకుతున్నాడు.

"లేదు" అన్నాడు మొండిగా. "ఏం లేదు ఈడ."

అంత పెద్ద కర్రను విరిచినప్పుడు ఏడవని లాల్‌బీ అప్పుడు, అందరూ చూస్తుండగానే, అతని చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.